ఈ శని, ఆదివారాల్లో గెలిచేదెవరు? ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లను లెక్క కట్టి అంచనా వేసే పద్ధతి

2023 మార్చి 5న తన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ 7-0తో మాంచెస్టర్ యునైటెడ్‌ను చిత్తుచిత్తుగా ఓడించింది. ఆరు రోజుల తర్వాత శనివారం నాడు బోర్న్‌మౌత్ ఊళ్లో మ్యాచ్. బోర్న్‌మౌత్ అప్పటికి పట్టికలో అట్టడుగు మూడు జట్లలో ఒకటి. అదే సీజన్ ఆగస్టులో ఇదే లివర్‌పూల్ చేతిలో 9-0తో చిత్తయిన జట్టు. ఆ వారం ఎవరినడిగినా కళ్లు మూసుకుని లివర్‌పూల్ అనేవాళ్లు. బోర్న్‌మౌత్ ఆటగాడు ఫిలిప్ బిల్లింగ్ ఒక్క గోల్ కొట్టాడు, రెండో సగంలో లివర్‌పూల్ ఆటగాడు సలా పెనాల్టీని గోల్‌పోస్టు బయటికి తన్నాడు, బోర్న్‌మౌత్ 1-0తో గెలిచింది.

ఆ రోజు బోర్న్‌మౌత్ గెలుస్తుందని ముందే చెప్పగలగడం ఎవరి వల్లా కాదు. కానీ లివర్‌పూల్ గెలుపు అవకాశం నూటికి 95 కాదు, అరవై చిల్లర మాత్రమే అని చెప్పడం సాధ్యమే. ఫుట్‌బాల్‌లో ఒక మ్యాచ్‌కి సగటున మూడు గోల్స్ కూడా పడని సీజన్లే ఎక్కువ. క్రికెట్‌లో మూడు వందల బంతులు పడేసరికి గట్టి జట్టు ఎలాగూ పైకి తేలుతుంది. ఇక్కడ ఒక డిఫ్లెక్షన్ (బంతి ఎవరికో తగిలి దారి మారడం), ఒక పెనాల్టీ మొత్తం ఫలితాన్ని తిప్పేస్తాయి. అందుకే ఈ పద్ధతిలో మనం ప్రతి మ్యాచ్‌కీ మూడు అంకెలు రాస్తాం: సొంత మైదానంలో ఆడే జట్టు గెలుపు ఎంత శాతం, డ్రా ఎంత శాతం, బయటి నుంచి వచ్చిన జట్టు గెలుపు ఎంత శాతం. మూడూ కలిపితే 100 రావాలి. విజేత పేరు ఆ అంకెల్లోంచే తేలుతుంది.

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. మన దగ్గర ఎక్కువమంది చూసేది అదే, దాని గణాంకాలు కూడా ఉచితంగా దొరుకుతాయి. స్పెయిన్ లీగ్‌కైనా, మన ఐఎస్‌ఎల్‌ (ఇండియన్ సూపర్ లీగ్)కైనా లెక్క ఇదే, సగటులు మాత్రం మారతాయి.

మొదటి అడుగు: జట్ల పేర్లు చూడకముందే ఒక అంచనా రాసుకోండి

లీగ్‌లో 20 జట్లు, సీజన్‌కి 380 మ్యాచ్‌లు. చాలా ఏళ్ల ఫలితాలు కలిపి చూస్తే నూటికి సుమారు 45 మ్యాచ్‌లు సొంత మైదానం జట్టు గెలుస్తుంది, 25 డ్రా అవుతాయి, 30 బయటి జట్టు గెలుస్తుంది. ఏ మ్యాచ్‌కైనా మీ కాగితం మీద మొదట ఉండాల్సింది 45-25-30. ఇక చేసేదంతా దీన్ని అటో ఇటో జరపడమే.

ఏటా ఇదే రాదు. 2018-19లో సొంత మైదానం గెలుపులు 181, డ్రాలు 71, బయటి గెలుపులు 128. రెండేళ్ల తర్వాత, కోవిడ్ వల్ల దాదాపు సీజనంతా ఖాళీ స్టేడియంలలో ఆడినప్పుడు, సొంత మైదానం గెలుపులు 144కి పడిపోయాయి, బయటి గెలుపులు 153కి పెరిగాయి. జనం లేకపోతే సొంత మైదానం లాభం ఎంతగా కరిగిపోతుందో అంతకంటే స్పష్టంగా చూపించిన సీజన్ ఇంకోటి లేదు. సొంత పిచ్ అలవాటు, ప్రయాణం లేకపోవడం లాంటివి ఆ ఏడాది కూడా ఉన్నాయి. లేనిదల్లా అరుపులు, రిఫరీ మీద పడే ఒత్తిడి. అందుకే ప్రేక్షకుల మీద నిషేధం ఉన్న మ్యాచ్‌కీ, రెండు జట్లకీ సంబంధం లేని మైదానంలో జరిగే కప్ ఫైనల్‌కీ ఈ 45 వాడకూడదు.

డ్రా సంగతి ఇక్కడే చెప్పాలి. కొత్తగా అంచనాలు వేసేవాళ్లలో ఎక్కువమంది పది మ్యాచ్‌లకి పది విజేతల పేర్లు రాసేస్తారు. కానీ ఆ పదింట్లో సగటున రెండో మూడో డ్రా అవుతాయి. ఏ మ్యాచ్ డ్రా అవుతుందో చెప్పడం అందరికీ కష్టమే, ఎందుకంటే మూడింట్లో డ్రాకే ఎక్కువ శాతం వచ్చే మ్యాచ్ చాలా అరుదు. అలాగని డ్రా కాలమ్ ఖాళీగా వదిలేస్తే మీ మిగతా రెండు అంకెలూ పెద్దవైపోతాయి.

రెండో అడుగు: జట్టు బలాన్ని రెండు ముక్కలుగా కొలవండి

పాయింట్ల పట్టిక చూసి బలం అంచనా వేయకండి. పది మ్యాచ్‌లు గడిచేదాకా పట్టిక సగం అబద్ధం చెబుతుంది. ఒక జట్టు నాలుగు మ్యాచ్‌లు 1-0తో గెలిచి పైన కూర్చుని ఉండొచ్చు, ఇంకో జట్టు ఇప్పటికే పెద్ద జట్లన్నిటితో ఆడేసి కింద ఉండొచ్చు. పాయింట్ల కంటే గోల్స్ తేడా (కొట్టినవాటిలోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది) నమ్మదగ్గది. దానికంటే నమ్మదగ్గది ఎక్స్‌జీ.

ఎక్స్‌జీ అంటే ప్రతి షాట్‌కీ అది గోల్ అయ్యే అవకాశాన్ని బట్టి ఇచ్చే విలువ. పెనాల్టీకి సుమారు 0.78. గోల్‌కి ఆరు గజాల దూరంలో, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నప్పుడు కొట్టే షాట్ 0.4 కావచ్చు. ముప్పై గజాల నుంచి ఆశగా కొట్టేది 0.03. ఒక జట్టు పది దూరపు షాట్లు కొట్టి ఒకటి లోపలికి పంపింది అనుకుందాం, ఎక్స్‌జీ 0.3. ప్రత్యర్థి రెండు దగ్గరి అవకాశాలు పోగొట్టుకుంది, ఎక్స్‌జీ 0.8. స్కోర్‌బోర్డు 1-0 అంటుంది. వచ్చే వారం ఎవరు బాగా ఆడొచ్చు అన్న ప్రశ్నకి మాత్రం ఓడిన జట్టు అంకే మంచి సంకేతం. అండర్‌స్టాట్ సైట్‌లో యూరప్ పెద్ద లీగ్‌లన్నిటికీ మ్యాచ్‌వారీగా ఈ అంకెలు దొరుకుతాయి.

ప్రతి జట్టుకీ నాలుగు సగటులు కావాలి: సొంత మైదానంలో కొట్టినవి, తిన్నవి, బయట కొట్టినవి, తిన్నవి. గోల్స్, ఎక్స్‌జీ రెండూ ఉంటే రెండిటి మధ్య సగటు తీసుకోండి, ఎక్స్‌జీ వైపు కాస్త ఎక్కువ మొగ్గితే ఇంకా మంచిది. మంచి స్ట్రైకర్లున్న జట్టు ఎక్స్‌జీ కంటే ఎక్కువ గోల్స్ కొడుతూనే ఉంటుంది కాబట్టి గోల్స్‌ని పూర్తిగా వదిలేయకూడదు.

ఎన్ని మ్యాచ్‌లు వెనక్కి వెళ్లాలి? టీవీలో చూపించే చివరి ఐదు మ్యాచ్‌ల ఫామ్ చాలా తక్కువ. ఆ ఐదింట్లో మూడు బలహీనమైన జట్లతో ఆడినవే కావచ్చు. కనీసం 15 నుంచి 20 మ్యాచ్‌లు తీసుకుని, ఇటీవలి వాటికి కొంచెం ఎక్కువ బరువు ఇవ్వండి. ఇరవయ్యో నిమిషంలోనే రెడ్ కార్డ్ పడిన మ్యాచ్‌ని పక్కన పెట్టండి, పదిమందితో డెబ్భై నిమిషాలు ఆడిన జట్టు అంకెలు ఆ జట్టు గురించి ఏమీ చెప్పవు.

సీజన్ మొదట్లో ఈ సీజన్ అంకెలు సరిపోవు, పోయిన సీజన్‌వి కలపాల్సిందే. కొత్తగా పై డివిజన్‌కి వచ్చిన మూడు జట్లకి అవి కూడా ఉండవు. కింది డివిజన్‌లో కొట్టిన గోల్స్ ఇక్కడ చెల్లవు. 2023-24లో పైకి వచ్చిన లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ మూడూ అదే సీజన్‌లో కిందికి పోయాయి. మరుసటి ఏడాది లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్‌లకీ అదే జరిగింది. అందుకే కొత్త జట్టుకి మొదటి ఏడెనిమిది మ్యాచ్‌లు పోయిన సీజన్‌లో చివరి ఐదు స్థానాల్లో ఉన్న జట్ల సగటు ఇచ్చి మొదలుపెట్టండి, నిజంగా బాగా ఆడుతుంటే అంకెలే పైకి లాగుతాయి.

మూడో అడుగు: గోల్స్ లెక్క, దాంట్లోంచి శాతాలు

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లు కూడా ఒక్కసారి కాగితం మీద చేసి చూడండి, భాగహారం, గుణకారం తప్ప ఇంకేమీ లేదు.

లీగ్‌లో సొంత మైదానం జట్టు సగటున 1.5 గోల్స్, బయటి జట్టు 1.2 గోల్స్ కొడుతున్నాయని అనుకుందాం. అసలు అంకెలు సీజన్‌ని బట్టి మారతాయి. 2023-24లో 380 మ్యాచ్‌ల్లో 1,246 గోల్స్ పడ్డాయి, అంటే మ్యాచ్‌కి 3.28. కాబట్టి ఆ ఏడాది సగటు ఆ ఏడాదికే వాడాలి.

మన ఊహా జట్టు ఎ సొంత మైదానంలో మ్యాచ్‌కి 2.0 కొడుతోంది, 1.0 తింటోంది. జట్టు బి బయట 1.2 కొడుతోంది, 1.35 తింటోంది.

ఎ దాడి బలం: 2.0ని లీగ్ సగటు 1.5తో భాగిస్తే 1.33. సగటు జట్టు కంటే మూడో వంతు ఎక్కువన్నమాట.
బి రక్షణ బలహీనత: 1.35ని 1.5తో భాగిస్తే 0.9. సగటు కంటే కాస్త నయం.
ఎ కొట్టగలిగే గోల్స్: 1.33 × 0.9 × 1.5 = 1.8.
బి దాడి బలం: 1.2ని 1.2తో భాగిస్తే 1. ఎ రక్షణ: 1.0ని 1.2తో భాగిస్తే 0.83.
బి కొట్టగలిగే గోల్స్: 1 × 0.83 × 1.2 = 1.0.

అంటే 1.8కి 1.0. సొంత మైదానం లాభం ఈ సగటుల్లోనే కలిసిపోయింది, మళ్లీ విడిగా కలపకండి. చాలామంది ఇక్కడ రెండుసార్లు కలిపేసి సొంత జట్టుని ఆకాశానికెత్తేస్తారు.

ఇప్పుడు సగటుని శాతాలుగా మార్చాలి. దీనికి పాయిసాన్ సూత్రం వాడతారు, సగటు ఇస్తే సున్నా, ఒకటి, రెండు గోల్స్ పడే అవకాశం ఎంతెంతో అది చెబుతుంది. ఫుట్‌బాల్ స్కోర్లకి దీన్ని పద్ధతిగా అన్వయించి మాహర్ 1982లో పరిశోధన పత్రం రాశారు. స్ప్రెడ్‌షీట్‌లో దీనికి ఫంక్షన్ సిద్ధంగా ఉంటుంది, ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. సగటు 1.8 ఇస్తే ఎ జట్టుకి ఇలా వస్తుంది: గోల్ పడకపోవడం 16.5 శాతం, ఒకటి 29.8, రెండు 26.8, మూడు 16.1, నాలుగు 7.2, ఐదు లేదా ఎక్కువ 3.6. బి జట్టుకి సగటు 1.0: సున్నా 36.8, ఒకటి 36.8, రెండు 18.4, మూడు 6.1, నాలుగు లేదా ఎక్కువ 1.9.

నిలువుగా ఎ గోల్స్, అడ్డంగా బి గోల్స్ రాసి గడులు గీయండి. ప్రతి గడిలో ఆ రెండు శాతాల గుణకారం. 1-0 గడి: 29.8 శాతం, 36.8 శాతం గుణిస్తే సుమారు 11 శాతం. 1-1 గడి కూడా అంతే. 2-0, 2-1 దాదాపు 10 శాతం చొప్పున. ఎ ఎక్కువ గోల్స్ కొట్టిన గడులన్నీ కూడితే 56, సమానంగా ఉన్నవి కూడితే 23, బి ఎక్కువ కొట్టినవి 21.

ఒక్క క్షణం ఆ 11 దగ్గర ఆగండి. ఎ స్పష్టంగా మెరుగైన జట్టు, సొంత మైదానంలో ఆడుతోంది, అయినా అన్నిటికంటే ఎక్కువ అవకాశమున్న స్కోరు తొమ్మిదిసార్లలో ఒక్కసారే నిజమవుతుంది. అందుకే కచ్చితమైన స్కోరు చెప్పి తగిలిందని మురిసిపోయేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

ఒక చిన్న దిద్దుబాటు ఉంది. 0-0, 1-1 లాంటి స్కోర్లు నిజంగా ఈ సూత్రం చెప్పినదానికంటే కొంచెం ఎక్కువే వస్తాయని డిక్సన్, కోల్స్ 1997లో చూపించి దానికి సవరణ ఇచ్చారు. వాళ్ల సూత్రం పెట్టుకునే ఓపిక లేకపోతే డ్రాకి రెండు శాతం కలిపి, అటూ ఇటూ ఒక్కొక్కటి తీసేయండి. మన మ్యాచ్ 55-25-20 అవుతుంది.

నాలుగో అడుగు: ఈ వారం ప్రత్యేకంగా ఏం మారింది

అంకెలకి తెలియనిది మీకు తెలిసేది ఇక్కడే. గాయాలు, సస్పెన్షన్లు, అలసట. అయితే ఎంత దిద్దాలో ముందే హద్దు పెట్టుకోండి. ఒక ఆటగాడి వల్ల 0.2 గోల్, అసాధారణమైన ఆటగాడైతే 0.3. అంతకు మించొద్దు.

ఎ జట్టు ప్రధాన స్ట్రైకర్ లేడనుకుందాం. 1.8ని 1.6 చేయండి. గడుల్లో మళ్లీ కూడితే, డ్రా దిద్దుబాటుతో సహా, 50-27-23 వస్తుంది. ప్రధాన స్ట్రైకర్ లేకపోతే అయిదు శాతం తగ్గింది. టీవీ చర్చల్లో వినిపించే గోలకి ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. అతని బదులు దిగేవాడు కూడా ఆ స్థాయి లీగ్‌లో ఆడే ఆటగాడే కదా.

గోల్స్ కొట్టేవాళ్ల మీదే అందరి కళ్లూ ఉంటాయి, మధ్యలో ఆటని పట్టి ఉంచేవాడిని మర్చిపోతారు. మాంచెస్టర్ సిటీ 2023-24లో లీగ్ గెలిచింది, మొత్తం ఓడినవి మూడే: వుల్వ్స్, ఆర్సెనల్, ఆస్టన్ విల్లా చేతుల్లో. మూడింట్లోనూ మధ్యలో ఆడే రోడ్రి సస్పెన్షన్‌లో ఉన్నాడు. 2024 సెప్టెంబర్‌లో ఆర్సెనల్‌తో ఆడుతూ మోకాలి లిగమెంట్ తెగి అతను సీజన్‌లో చాలా భాగానికి దూరమయ్యాడు. నవంబర్ 2 నుంచి డిసెంబర్ 1 మధ్య సిటీ వరుసగా నాలుగు లీగ్ మ్యాచ్‌లు ఓడింది, అందులో సొంత మైదానంలో టోటెన్‌హామ్ చేతిలో 4-0 కూడా ఉంది. ఆ పతనానికి వేరే గాయాలూ కారణమే, అన్నీ ఒక్కడి మీద వేయలేం. అయినా మధ్యలో ఆడే అలాంటి ఆటగాడు లేనప్పుడు దిద్దాల్సింది రెండు చోట్ల అన్నది గుర్తుంచుకోండి: జట్టు కొట్టే గోల్స్ కొంచెం తగ్గించాలి, తినే గోల్స్ కొంచెం పెంచాలి.

అలసటకి క్యాలెండర్ చూడండి. గురువారం రాత్రి యూరప్‌లో ఎక్కడో ఆడి ఆదివారం మళ్లీ దిగే జట్టుకి, వారమంతా ప్రాక్టీస్ చేసుకున్న జట్టుకి తేడా ఉంటుంది, ముఖ్యంగా ఆటగాళ్ల సంఖ్య తక్కువున్న చిన్న క్లబ్‌లకి. దేశాల మ్యాచ్‌ల విరామం అయిపోయాక వచ్చే మొదటి శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌లో, దక్షిణ అమెరికా నుంచి గురువారమో శుక్రవారమో తిరిగొచ్చిన ఆటగాళ్లు ఎవరున్నారో చూడండి. డిసెంబర్ చివరి వారం మ్యాచ్‌లు ఒత్తుగా ఉంటాయి, అప్పుడు పెద్ద క్లబ్‌లు జట్టుని మార్చి మార్చి దింపుతాయి. వీటన్నిటికీ 0.1 గోల్ చాలు.

ఐదో అడుగు: నమ్మకూడనివి వదిలేయండి

పాత ముఖాముఖి రికార్డులు. పదేళ్ల క్రితం ఆడిన ఆటగాళ్లలో ఒక్కడు కూడా ఇప్పుడు లేకపోతే ఆ రికార్డు దేనికి?

"ఈ మ్యాచ్ తప్పక గెలవాలి" అన్న మాట. కింది మూడు స్థానాల్లో ఉన్న జట్టు ప్రతి వారం తప్పక గెలవాల్సిందే, గెలవడం లేదు కాబట్టే అక్కడ ఉంది.

కొత్త మేనేజర్ వస్తే జట్టు లేస్తుందన్న నమ్మకం. ఇందులో కొంత నిజం ఉన్నట్టు కనిపిస్తుంది, కారణం వేరు. మేనేజర్‌ని తీసేసేది జట్టు అదృష్టం మరీ బాగోలేని రోజుల్లో. ఆ తర్వాత ఎవరొచ్చినా ఫలితాలు మామూలు స్థాయికి తిరిగొస్తాయి. పాత మేనేజర్ చివరి పది మ్యాచ్‌ల ఎక్స్‌జీ చూస్తే ఇది ముందే తెలిసిపోతుంది.

మీ అభిమాన జట్టు మ్యాచ్. దానికి అంకెలు వేయండి, నాలుగో అడుగులో మాత్రం చెయ్యి పెట్టకండి. లెక్క ఎంత చెబితే అంతే రాసుకోండి.

ఆరో అడుగు: వారం పనిని ఎప్పుడు చేయాలి

బుధ, గురువారాల్లో యూరప్ మ్యాచ్‌లు అయ్యాక గోల్స్ లెక్క పూర్తి చేసుకోండి. వారాంతం ముందు మేనేజర్లు విలేకరులతో మాట్లాడేది ఎక్కువగా గురు, శుక్రవారాల్లో, గాయాల సంగతి అప్పుడే బయటపడుతుంది. శుక్రవారం రాత్రి పడుకునేలోపు నాలుగో అడుగు ముగించి మూడు అంకెలూ తేదీతో సహా రాసేయండి.

శనివారం మ్యాచ్‌లు మన సమయం ప్రకారం సాయంత్రం 5, రాత్రి 7:30, 10 గంటలకి మొదలవుతాయి. అక్టోబర్ చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా అక్కడ గడియారం వెనక్కి జరుగుతుంది కాబట్టి మనకి ఒక్కో గంట ఆలస్యం: 6, 8:30, 11. అమెరికాలో ఉండే మనవాళ్లకి ఇదంతా శనివారం ఉదయం పనే. ఆడే పదకొండుమంది పేర్లు ఆట మొదలవడానికి గంటకు పైగా ముందే ప్రకటిస్తారు. అప్పుడు దిద్దాలనుకుంటే పాత అంకెలు చెరపకండి, పక్కన కొత్త కాలమ్‌లో రాయండి. చివరి గంట దిద్దుబాట్లు మీకు మేలు చేస్తున్నాయా, చెడు చేస్తున్నాయా అన్నది రెండు కాలమ్‌లు ఉంటేనే తెలుస్తుంది.

ఏడో అడుగు: మీకు మీరే మార్కులు వేసుకోండి

విజేత తగిలిందా లేదా అని మాత్రమే లెక్కపెడితే సరిపోదు. బాగా పదునుపెట్టిన నమూనాలు కూడా సగానికి కాస్త పైగానే సరిగ్గా చెబుతాయి, ఎందుకంటే దారులు మూడున్నాయి. 51 శాతం ఇచ్చి తగలడం, 90 శాతం ఇచ్చి తగలడం ఒకటి కాదు కదా.

వాతావరణ అంచనాల కోసం బ్రయర్ 1950లో ఇచ్చిన కొలత ఇక్కడ బాగా పనికొస్తుంది. మీరు ఇచ్చిన 55-25-20ని 0.55, 0.25, 0.20గా రాయండి. జరిగినదానికి 1, జరగనివాటికి 0. తేడాల వర్గాలు కూడండి. ఎ గెలిస్తే 0.45, 0.25, 0.20ల వర్గాలు కూడగా 0.305. బి గెలిస్తే 1.005. ఎంత తక్కువైతే అంత మంచిది. ఏమీ తెలియనివాడు మూడిటికీ సమానంగా ఇస్తే ప్రతి మ్యాచ్‌కీ 0.667 వస్తుంది. మీ సగటు దానికంటే కింద ఉండాలి, ప్రతిసారీ 45-25-30 రాసేవాడి సగటు కంటే కూడా కింద ఉండాలి. ఆ రెండో గీత దాటితేనే మీ శ్రమకి ఫలితం ఉన్నట్టు. ఒక వారాంతం పది మ్యాచ్‌లతో ఏమీ తేలదు, వంద మ్యాచ్‌లు కానివ్వండి.

ఇంకో కొలబద్ద విదేశీ బుక్‌మేకర్ల (పందేలు నడిపే సంస్థల) ధరలు, అంటే ఒక రూపాయి పెట్టి గెలిస్తే చేతికొచ్చేది. సొంత జట్టు, డ్రా, బయటి జట్టు వరుసలో 1.80, 3.80, 4.50 అని ఉంటే ఒకటిని వాటితో భాగించండి: 55.6, 26.3, 22.2. కూడితే 104.1. పైనున్న ఆ 4.1 వాళ్ల లాభం. ఒక్కోదాన్నీ 104.1తో భాగించి వందకి తెస్తే 53.4-25.3-21.3, దాన్ని మీ అంకెలతో పోల్చుకోండి. పోల్చుకోవడానికే, పందెం కాయడానికి కాదు. ప్రతి పందెంలోనూ ఆ 4.1 మీ జేబులోంచే పోతుంది, దాన్ని దాటి గెలవాలంటే వాళ్ల దగ్గరుండే గణాంక నిపుణుల కంటే మీరు మెరుగ్గా ఉండాలి. పైగా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. యాప్‌లలో డబ్బు పెట్టి అప్పులపాలైన కుర్రాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. ఈ విద్యకి డబ్బు అక్కర్లేదు, స్నేహితులతో ఒక షీట్ పంచుకుని బ్రయర్ స్కోర్లతో సీజనంతా పోటీ పెట్టుకోండి.

వంద మ్యాచ్‌లు దాటాక అంచనాలని గుంపులుగా విడదీయండి. మీరు 60 నుంచి 70 శాతం మధ్య ఇచ్చిన జట్లన్నీ ఒక చోట పెట్టి చూడండి. వాటిలో నూటికి 65 దాకా గెలిచి ఉంటే అంకెలు సరిగ్గా ఉన్నాయి. 50 మాత్రమే గెలిస్తే మీరు పెద్ద జట్లని అతిగా నమ్ముతున్నారు, దాడి బలాలన్నిటినీ 1 వైపు కొంచెం లాగండి, 1.33ని 1.25 చేసినట్టు. 80 గెలిస్తే మరీ జంకుతున్నారు, ఆ లాగడం తగ్గించండి. మే నెలలో సీజన్ ముగిశాక కూడా ఇదే పని: ప్రతి జట్టు బలాన్నీ సగటు వైపు సుమారు మూడో వంతు లాగి ఆగస్టుకి దాచుకోండి. వేసవిలో ఎవరు ఎవరిని కొన్నారు, ఎవరిని అమ్మారు అన్నది చూసి ఆ అంకెలని చివరిగా దిద్దేది మొదటి శనివారం ముందు.